యుద్ధ నియమాలను దేశాలు పాటిస్తాయా? బందీల సంగతే చూద్దాం

తూర్పుగాలి:
జెనీవా ఒప్పందాల పేరు ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతోంది. యుద్ధంలో గాయపడ్డవాళ్లను, ఖైదీలను, పౌరులను ఎలా చూడాలో 1949లో రాసుకున్నారు, ప్రపంచంలోని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అయినా ఆసుపత్రుల మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో డాక్టర్లు తమ ఆసుపత్రి ఎక్కడుందో అమెరికా సైన్యానికి ముందే చెప్పి ఉంచారు. 2015 అక్టోబరు 3న ఆ ఆసుపత్రి మీదే అమెరికా విమాన దాడి జరిగి 42 మంది పోయారు. 16 మందిపై శాఖాపరమైన చర్యలు తీసుకుని చేతులు దులుపుకున్నారు, ఒక్కరి మీదా క్రిమినల్ కేసు లేదు. బలమున్నవాడికి చట్టం వర్తించదు. కాదనేవాళ్లు ఉంటే చెప్పండి.

సుబేదారుగారబ్బాయి:
కుందూజ్ విషయంలో మీతో నాకు పేచీ లేదండీ. కానీ అన్ని నియమాలనూ ఒకే గాటన కట్టకండి. యుద్ధఖైదీల నియమాలు చాలాసార్లు పనిచేస్తాయి. ఎప్పుడు పనిచేస్తాయో, ఎప్పుడు చేయవో కార్గిల్‌లోనే కనిపిస్తుంది.

1999 మే 27న ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత విమానం ఇంజిన్ ఆగి కూలిపోవడంతో ఆయన పాకిస్తాన్ సైనికుల చేతికి చిక్కారు. మొదట కొట్టారని, పై అధికారి ఒకరు వచ్చి ఆపారని ఆయనే తర్వాత చెప్పారు. జూన్ 3న రెడ్‌క్రాస్‌కు అప్పగించారు, అలా వెనక్కి వచ్చేశారు. అదే యుద్ధంలో, అంతకు ముందే, గస్తీకి వెళ్లిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయన వెంట ఉన్న అయిదుగురు జవాన్లు దొరికిపోయారు. జూన్‌లో వాళ్ల శవాలు వచ్చాయి. చిత్రహింసలు పెట్టారని మన సైన్యం అంటుంది, పాకిస్తాన్ ఒప్పుకోదు.

రెండు దేశాలూ అవే, చట్టమూ అదే. తేడా ఎక్కడ వచ్చింది? నచికేత విమానం కూలిన సంగతి అప్పటికే ప్రపంచానికి తెలుసు. కాలియా దగ్గరికి వచ్చేసరికి, కొండల మీద ఉన్నది తమ సైన్యమే కాదని అప్పట్లో పాకిస్తాన్ వాదించింది. లేని సైన్యం దగ్గర బందీలు ఎలా ఉంటారు? (2010లో ఆ సైన్యమే కార్గిల్‌లో చనిపోయిన తనవాళ్లవి 453 పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టింది.) మూడో జెనీవా ఒప్పందం 70వ అధికరణం ప్రకారం, పట్టుబడగానే, లేదా శిబిరానికి చేరిన వారంలోపు ఖైదీ తన ఇంటికీ, ఖైదీల వివరాలు చూసే సంస్థకీ కార్డు రాసుకోవడానికి అవకాశమివ్వాలి. ఆ కార్డు బయటికొచ్చి పేరు నమోదైతే ఆ మనిషిని మాయం చేయడం కష్టం. రాని చోట చట్టం ఆ మనిషి దాకా చేరనే చేరదు.

మన వాయుసేన పైలట్ అభినందన్ వర్ధమాన్ సంగతి అందరం చూశాం. 2019 ఫిబ్రవరి 27న కూలాక ఊరివాళ్లు కొడుతుంటే పాక్ సైనికులే విడిపించారు. తర్వాత రక్తం కారుతున్న ముఖంతో వీడియో బయటికి వదిలారు. ఖైదీని జనం ముందు ప్రదర్శనకు పెట్టకూడదన్న 13వ అధికరణానికి అది పూర్తి విరుద్ధం. మన విదేశాంగ శాఖ అప్పుడే నిరసన తెలిపింది. ఇంకో వీడియోలో టీ తాగుతూ కనిపించారు. ఏ విమానం నడిపారని అడిగితే, క్షమించండి మేజర్, అది చెప్పకూడదన్నారు. పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ మించి చెప్పనక్కర్లేదని 17వ అధికరణం. మార్చి 1 రాత్రి వాఘా దాటి వచ్చారు. ఒకే మనిషి విషయంలో ఆ మూడు రోజుల్లోనే చట్టాన్ని తప్పారు, పాటించారు కూడా.

ఓరుగల్లు:
పాకిస్తాన్ లెక్కలు తీస్తున్నారు, మరి మనవి? 1971 డిసెంబరులో తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) సుమారు 93 వేలమంది మన చేతికి వచ్చారు, అందులో పౌరులూ ఉన్నారు. పోరు ఆగాక ఆలస్యం చేయకుండా విడుదల చేయాలని 118వ అధికరణం. తిరిగి పంపడం పూర్తయ్యేసరికి 1974 ఏప్రిల్. లొంగిపోయింది భారత్-బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కి, కాబట్టి ఢాకా ఒప్పుకోవాలి అన్నది మన వాదన. ఆ వాదనలో పస ఉంది, కానీ ఖైదీలు బేరంలో వస్తువులయ్యారనేది కూడా వాస్తవం. ఇక యుద్ధనేరాలకు విచారిస్తామన్న 195 మందినీ చివరికి విచారణ లేకుండానే పంపేశారు. తూర్పు పాకిస్తాన్‌లో జరిగిన మారణహోమానికి వాళ్లలో ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. నాకు అన్నిటికన్నా బాధగా ఉన్నది అదే.

సుబేదారుగారబ్బాయి:
ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను. కానీ అదే యుద్ధంలో గల్లంతై పాక్ జైళ్లలో ఉన్నారని మనవాళ్లు నమ్ముతున్న 54 మందిని ఆ 93 వేల పక్కన పెట్టి చూడండి. మన దగ్గర ఉన్నవాళ్లకు పేర్ల జాబితా ఉంది కాబట్టి వాళ్లు ఇళ్లకు చేరారు. ఈ 54 మందీ తమ దగ్గర లేరన్నది పాకిస్తాన్ మాట. 2007లో కొందరి బంధువులు అక్కడి జైళ్లు తిరిగి చూసి ఉత్త చేతులతో వచ్చారు. ఇక 2025 మేలో కాల్పులు ఆగిన నాలుగు రోజులకే పాక్ మన బీఎస్ఎఫ్ జవానును అప్పగించింది, అదే రోజు మనం వాళ్ల రేంజరును (సరిహద్దు కాపలా జవానును) ఇచ్చాం. అందుకే అంటున్నాను, ఈ నియమం బతికే ఉంది.

కాలువగట్టు:
మీరు చెప్పినవన్నీ ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు సైన్యాలున్న చోట నడిచే కథలండీ. 1988 మార్చి 16న హలబ్జా మీద ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం విషవాయువు వదిలింది. యుద్ధంలో విషవాయువులు వాడబోమన్న 1925 నాటి ప్రోటోకాల్‌లో ఇరాక్ ఉన్న దేశమే. హలబ్జా ఇరాక్ ఊరే, చచ్చినవాళ్లు అక్కడి అల్పసంఖ్యాక జాతి కుర్దులు, వేలమంది. పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవాళ్లు గుమ్మాల ముందే పడిపోయారు. మేలో భద్రతా మండలి ఖండించింది సరే, వాడింది ఎవరో పేరు పెట్టి చెప్పలేదు. ఆ దాడి చేయించిన అలీ హసన్ అల్ మజీద్‌ను ఉరితీసింది 2010లో, అదీ 2003లో ఆ ప్రభుత్వం కూలింది కాబట్టి. సద్దాం గద్దె మీదే ఉంటే ఆ విచారణ జరిగేదా? హలబ్జా జనానికి బదులుగా అప్పగించడానికి ఎవరి దగ్గరా ఏ రేంజరూ లేడు.

తూర్పుగాలి:
నేనూ అక్కడికే వస్తున్నాను. సైనికుడికి పనిచేసిన చట్టం మామూలు మనిషికి పనిచేయడం లేదు.

సుబేదారుగారబ్బాయి:
అలాగైతే మన గుమ్మం నుంచే మొదలుపెడదాం. పౌరుల రక్షణను వివరంగా రాసిన, జెనీవా ఒప్పందాలకు జతచేసిన 1977 నాటి ఒకటో అదనపు ప్రోటోకాల్‌లో భారత్ లేదు, పాకిస్తాన్ లేదు, అమెరికా లేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును పెట్టిన 1998 రోమ్ ఒప్పందంలోనూ ఈ మూడూ సభ్యులు కావు. మనం చేరాలనే నేనంటాను. చేరితే కశ్మీర్ మీద అంతర్జాతీయ జోక్యానికి దారి తెరిచినట్టవుతుందనేవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. వాళ్ల వాదన పూర్తిగా రాయండి, ఒక్కో అంశానికీ జవాబిస్తాను.