చిన్న కంప్యూటర్ కేసులో స్టాక్ గ్రాఫిక్స్ కార్డా, మూడు ఫ్యాన్ల కస్టమ్ కార్డా?

నాది బ్లోయర్ ఫ్యాన్ ఉన్న 250 వాట్ల స్టాక్ (చిప్ కంపెనీ సొంత డిజైన్) గ్రాఫిక్స్ కార్డు. గేమ్ పెట్టిన 10 నిమిషాల్లోపే 84 డిగ్రీలకు చేరుతోంది, క్లాక్ (చిప్ వేగం) 1850 నుంచి 1600 మెగాహెర్ట్జ్‌కు జారిపోతోంది. మోత పక్క గదికి కూడా వినిపిస్తోంది.

దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్) మార్చాను. 2 డిగ్రీలు తగ్గింది, అంతే. పవర్ లిమిట్ (కార్డు వాడే కరెంటుకి పరిమితి) 80 శాతానికి దించితే 80 డిగ్రీల దగ్గర ఆగింది. ఫ్యాన్‌ను 80 శాతంలో పెడితే 75కి దిగింది కానీ ఆ హోరుకి గదిలో కూర్చోలేం. సైడ్ ప్యానెల్ తీసినా తేడా లేదు.

అదే చిప్‌తో మూడు ఫ్యాన్ల కస్టమ్ కార్డు (వేరే కంపెనీ తన సొంత కూలర్ పెట్టి చేసేది) తీసుకుందామంటే ఒకటే టెన్షన్. బ్లోయర్ వేడిని కేసు వెనక నుంచి బయటికి నెట్టేస్తుంది, కస్టమ్ కార్డు చాలావరకు లోపలే వదులుతుంది. నా కేసు 15 లీటర్లది. గాలి బయటికి లాగడానికి ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యానే ఉంది. ప్రాసెసర్ ఇప్పటికే 78 డిగ్రీల్లో ఉంటోంది. రెండున్నర స్లాట్ల మందం ఉండే ఆ కార్డు పెడితే కింద వేలు పట్టేంత సందే మిగులుతుంది (స్కేలుతో కొలిచాను).

ఇంత ఇరుకు కేసులో బ్లోయర్ నుంచి కస్టమ్ కార్డుకు మారినవాళ్లకి ప్రాసెసర్ వేడి ఎన్ని డిగ్రీలు పెరిగింది?