వంశావళి లెక్కలో ఇన్‌బ్రీడింగ్ 2 శాతం, చిప్ లెక్కలో 9 శాతం: ప్రాంతీయ పాడి జాతికి ఏది నమ్మాలి?

ప్రశ్న (హెర్డ్‌బుక్_డెస్క్):
ఒక ప్రాంతానికే పరిమితమైన పాడి జాతి. ఈనే ఆవులు సుమారు 1200, వీర్యం వాడుకలో ఉన్న ఆబోతులు 12. సగం ఆవులకు తాతల పేర్లు రికార్డులో లేవు. వంశావళితో సగటు ఇన్‌బ్రీడింగ్ (బంధువుల జత వల్ల ఒకే పూర్వీకుడి డీఎన్‌ఏ రెండు వైపుల నుంచీ వచ్చే వాటా) 2 శాతం వస్తోంది. 50కె చిప్‌తో (సుమారు 50 వేల డీఎన్‌ఏ గుర్తులు చదివే పరీక్ష) జీనోటైప్ చేసిన ఆవుల్లో ఆర్‌ఓహెచ్ లెక్క (తల్లి, తండ్రి ఇచ్చిన ప్రతులు ఒకేలా ఉన్న డీఎన్‌ఏ ముక్కల వాటా) 9 శాతం చూపిస్తోంది, కొన్ని ఆవుల్లో మాత్రం దాదాపు సున్నా. ప్లింక్‌లో (జన్యు డేటా లెక్కించే ప్రోగ్రామ్) ఇది ఆవుల డేటా అని చెప్పే --కౌ ఒక్కటే పెట్టి మిగతావన్నీ డిఫాల్ట్‌గా వదిలేశాం. ఈ రెండు అంకెల్లో ఏది నమ్మాలి? 12 ఆబోతులు సరిపోతాయా?

గుణకం:
రెండూ వేర్వేరు కాలాలను కొలుస్తున్నాయండీ. తండ్రి పేరో తల్లి పేరో లేని పశువును ప్రోగ్రామ్ మూల పశువుగా తీసుకుని దాని ఇన్‌బ్రీడింగ్ సున్నా అని రాసేస్తుంది. సగం మందకు తాతలు తెలియనప్పుడు ఆ సున్నాలే సగటును 2కి లాగుతాయి. అది తక్కువ ఇన్‌బ్రీడింగ్ కాదు, తక్కువ రికార్డు.

ముందు ప్రతి పశువుకూ వంశావళి లోతు లెక్కించండి. తెలిసిన ప్రతి పూర్వీకుడికి (1/2)ⁿ చొప్పున కలపాలి, ఇక్కడ ఎన్ అంటే ఎన్ని తరాల వెనక అన్నది. తల్లిదండ్రులిద్దరూ, తాతలు నానమ్మలు నలుగురూ తెలిస్తే మొత్తం 2. ఈ లోతు 3 దాటిన పశువులనే విడిగా తీసి చూడండి. లోతులు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే, తరానికి పెరుగుదల ఎంతో లెక్కించడం మేలు: 1 − (1−ఎఫ్)^(1/(టి−1)), ఎఫ్ అంటే ఇన్‌బ్రీడింగ్, టి అంటే ఆ లోతు. ఎఫ్ 6 శాతం, టి 4 అయితే తరానికి సుమారు 2 శాతం. "6 శాతమే కదా" అనుకునేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

చిప్_లెక్కలు:
9 శాతం కూడా తక్కువే చూపిస్తుండవచ్చు. ప్లింక్ 1.9 డిఫాల్ట్‌లో ఆర్‌ఓహెచ్‌కు కనీసం 100 ఎస్‌ఎన్‌పీలు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు, చిప్ చదివే గుర్తులు ఇవే) ఉండాలి. 50కె చిప్‌లో ఎస్‌ఎన్‌పీల మధ్య దూరం సగటున 50 కిలోబేసులు (వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు ఒక కిలోబేసు, వెయ్యి కిలోబేసులు ఒక మెగాబేసు), అంటే 5 మెగాబేసుల కన్నా చిన్న ముక్కలు లెక్కలోకే రావు. డెన్సిటీ డిఫాల్ట్ కూడా 50 కిలోబేసులకు ఒక ఎస్‌ఎన్‌పీ, సరిగ్గా చిప్ అంచు మీద. కాస్త పలుచగా ఉన్న చోట నిజమైన ముక్కలు కూడా పోతాయి. హోమోజిగ్-డెన్సిటీని 100కి, హోమోజిగ్-ఎస్‌ఎన్‌పీని 30–40కి మార్చి మళ్లీ నడపండి.

ఆర్‌ఓహెచ్ ముందు ఎంఏఎఫ్ ఫిల్టర్ (తేడా అరుదుగా ఉన్న ఎస్‌ఎన్‌పీలను తీసేయడం), ఎల్‌డీ ప్రూనింగ్ (ఎల్‌డీ, అంటే కలిసికట్టుగా వారసత్వంగా వచ్చే, ఎస్‌ఎన్‌పీలను పలుచన చేయడం) రెండూ వద్దు. జాతిలో స్థిరపడిపోయిన ఎస్‌ఎన్‌పీలు కూడా సజాతీయతకు (రెండు ప్రతులూ ఒకేలా ఉండటానికి) సాక్ష్యాలే, వాటిని తీసేస్తే మిగిలిన ఎస్‌ఎన్‌పీల మధ్య ఖాళీలు పెరిగి పొడుగు ముక్కలు విరిగిపోతాయి. ప్రూనింగ్ జాతుల మధ్య దగ్గరితనం, మిశ్రమం చూసే పీసీఏకి, అడ్మిక్చర్‌కి పనికొస్తుంది, దీనికి కాదు.

చివరికి ముక్కల మొత్తం పొడవును చిప్ కవర్ చేసిన ఆటోసోమ్ (లింగ క్రోమోజోములు కాని క్రోమోజోముల) పొడవుతో భాగించాలి. 29 ఆటోసోములూ కలిపి సుమారు 2,500 మెగాబేసులు.

ముక్క పొడవును బట్టి వయసు కూడా తెలుస్తుంది. ఒక మెగాబేసును ఒక సెంటీమోర్గన్ (తరానికి ఒక శాతం అవకాశంతో డీఎన్‌ఏ తెగి కలిసే దూరం) అనుకుంటే, ఉమ్మడి పూర్వీకుడు సుమారు 100/(2×పొడవు) తరాల వెనక ఉంటాడు. 16 మెగాబేసులంటే 3 తరాలు, 5 అంటే 10 తరాలు. మీ 9 శాతంలో ఎంత భాగం 16 దాటిన ముక్కల్లో ఉందో విడదీయండి. ఎక్కువ అక్కడే ఉంటే ఇప్పటి ఆబోతుల వాడకమే కారణం, దాన్ని సరిదిద్దవచ్చు. 5–8 మధ్య ఉంటే పాత ఇరుకు (ఒకప్పుడు జాతి కొద్ది పశువులకే తగ్గడం), ఇప్పుడేం చేసినా ఆ ముక్కలు పోవు.

గుణకం:
12 సంగతి. సూత్రం 4×12×1200/1212, అంటే ఎఫెక్టివ్ పాపులేషన్ సైజ్ (జన్యుపరంగా మంద ఎన్ని పశువులకు సమానమో చెప్పే అంకె) 47.5. తరానికి పెరుగుదల 1/(2×47.5), ఒక శాతం పైచిలుకు. సాధారణంగా పెట్టుకునే కనీస హద్దు 50, అంటే తరానికి 1 శాతం. పేపర్ మీద దాదాపు సరిపోయినట్టే.

కానీ ఈ లెక్క 12 ఆబోతులూ సమానంగా వాడారని అనుకుంటుంది. ఒక్క ఆబోతు దూడలు సగం, మిగతా సగం 11 మధ్య సమానంగా పంచితే, వాటాల వర్గాల మొత్తం 0.273. దాని విలోమం 3.7. మీ దగ్గర 12 కాదు, మూడున్నర ఆబోతులున్నట్టు. అప్పుడు ఎఫెక్టివ్ సైజ్ 15 కిందికి పడుతుంది, తరానికి 3.4 శాతం. ఆవులను 1200 నుంచి 5000కి పెంచినా ఈ అంకె కదలదు. అందుకే వీర్యం డోసుల రిజిస్టర్ ముందు చూడండి, దూడల లెక్క తర్వాత.

హెర్డ్‌బుక్_డెస్క్:
డోసుల్లో మూడో వంతు ఒకే ఆబోతువి. దాని కొడుకులు ముగ్గురు కొత్త 12లో ఉన్నారు.

గుణకం:
అయితే ముగ్గురిలో ఒక్కణ్నే ఉంచండి. ప్రతి ఆబోతుకు బదులు దాని ఒక్క కొడుకే రావాలి, ప్రతి ఆబోతు కూతుళ్ల సంఖ్యా సమానంగా ఉండాలి, వీలైతే ఆవుకొక కూతురు. అప్పుడు సూత్రం 3/(16×12) + 1/(16×1200), దాని విలోమం 64. ఆబోతు ఒక్కటీ పెంచకుండా 47 నుంచి 64. ఆవుల వైపు నియమం తప్పినా పెద్దగా పోయేదేం లేదు, తేడా అంతా ఆబోతుల వైపే.

మంద_గమనిక:
"దాదాపు సున్నా" వచ్చిన ఆవులను చూసి సంతోషపడకండి. హోల్‌స్టీన్, జెర్సీలతో సంకరమైన మొదటి తరం పశువుకు ఆర్‌ఓహెచ్ దాదాపు ఉండదు, ఎందుకంటే రెండు క్రోమోజోములూ వేర్వేరు జాతులవి. హెటరోజైగసిటీ (రెండు ప్రతులూ వేరుగా ఉండటం) గొప్పగా కనిపిస్తుంది, జాతి మాత్రం కరిగిపోతుంటుంది. బయటి జాతుల రిఫరెన్స్ నమూనాలు కలిపి, ప్రూన్ చేసిన డేటాతో అడ్మిక్చర్ నడపండి. బయటి వాటా ఉన్నవాటిని పక్కన పెట్టాకే సగటు తీయాలి. ఎల్‌డీ నుంచి ఎఫెక్టివ్ సైజ్ అంచనా వేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త, సంకరం వల్ల వచ్చే ఎల్‌డీ ఆ అంకెను తారుమారు చేస్తుంది.

ఇంకో మాట. ఈ చిప్ మీది ఎస్‌ఎన్‌పీలు ఎక్కువగా యూరోపియన్ పాడి జాతుల్లో కనిపెట్టినవి. మీ జాతి జెబు (మూపురం ఉన్న పశువులు) వైపుదైతే వైవిధ్యం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. వేరే జాతులతో పోల్చి "మాది తక్కువ" అని రాయవద్దు.

హెర్డ్‌బుక్_డెస్క్:
మరి ప్రాణాంతక మ్యుటేషన్ వాహకమని (ఒక ప్రతిలో మాత్రమే మోస్తోందని) తేలిన ఆబోతును తీసేయాలా?

చిప్_లెక్కలు:
12లో ఒకటి తీస్తే ఉన్న ఇరుకు ఇంకా ఇరుకవుతుంది. వాహకానికి వాహకాన్ని జత చేయకుండా ఉంటే చాలు, చేస్తే నాలుగింట ఒక పిండం పోతుంది. కొడుకుల్లో సగం ఎలాగూ శుభ్రంగానే పుడతారు, టెస్ట్ చేసి వాటిలో ఒకదాన్ని నిలుపుకోండి.

హోల్‌స్టీన్‌లో అంత నష్టం మ్యుటేషన్ ఉండటం వల్ల కాదు, ఒకే ఆబోతును అంతగా వాడటం వల్ల. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే ఆబోతుకు 16 వేల కూతుళ్లు. అమెరికా హోల్‌స్టీన్ జీనోమ్‌లో సుమారు 14 శాతం దానిదే. దాని ఏపీఏఎఫ్1 జన్యువులోని మ్యుటేషన్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 5 లక్షలకు పైగా గర్భస్రావాలు జరిగాయని 2016లో అంచనా వేశారు. విశేషమేమంటే పాల దిగుబడిలో దాని వల్ల వచ్చిన లాభం ఆ నష్టం కన్నా చాలా ఎక్కువ.

మంద_గమనిక:
తీసేసినా తీయకపోయినా, 12 ఆబోతుల వీర్యం కొన్ని డోసులు ఇప్పుడే ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల వద్ద, రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఒకే కంటైనర్‌లో పెడితే ఒక్కసారి నత్రజని ఇంకిపోయినా అన్నీ పోతాయి.