జర్మన్ ‘గిఫ్ట్’ నపుంసకలింగం ఎలా అయింది?

ఇంగ్లీషులో ‘గిఫ్ట్’ కానుక, జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో దాన్నే ‘యిఫ్ట్’ అని పలుకుతారు, అర్థం విషం, పెళ్ళైన అని కూడా. అన్నిటికీ మూలం ‘ఇవ్వడం’ అనే జర్మానిక్ (ఈ భాషలన్నీ చేరే కుటుంబం) ధాతువే. పెళ్ళి అర్థం మన కన్యాదానం లాంటిది, చిక్కు లేదు. విషం సంగతీ కొంత తేలింది: గ్రీకు ‘డోసిస్’ అంటే ఇవ్వడం, ఇచ్చే మందు మోతాదు. దాన్ని అనుసరించి విషాన్ని సౌమ్యంగా అలా అన్నారని నిఘంటువులు చెబుతున్నాయి. మనం ‘పురుగుల మందు’ అనట్లేదూ!

నాకు అందనిది లింగం. ప్రాచీన జర్మన్‌లో ‘ఇవ్వడం, కానుక’ అనే అర్థంలో ఈ మాట స్త్రీలింగం. కట్నం అనే అర్థంలో ‘డీ మిట్‌గిఫ్ట్’ ఇప్పటికీ స్త్రీలింగమే. విషం మాత్రం ‘డాస్ గిఫ్ట్’, అంటే నపుంసకం. లాటిన్‌లో విషానికి మాట ‘వెనేనుమ్’ నపుంసకం కాబట్టి దాని ప్రభావమేమో అనుకున్నాను. పక్క భాషలతో పోల్చి చూస్తే తేలలేదు: డచ్ ‘హెట్ గిఫ్’, స్వీడిష్ ‘ఎట్ యిఫ్ట్’ నపుంసకాలే, డేనిష్‌లో మాత్రం ‘గిఫ్టెన్’, అంటే ఉభయలింగం (పుం, స్త్రీ లింగాలు కలిసిపోయినది). నేను చూసిన వ్యుత్పత్తి నిఘంటువులు అర్థం మార్పు దగ్గరే ఆగిపోయాయి.

జర్మన్‌లో ఈ లింగమార్పు లాటిన్ వల్ల వచ్చిందా, లేక కానుక అర్థం నుంచి విడదీయడానికి లోపలే జరిగిందా?