నాన్నగారి ఇల్లు అమ్ముతున్నాం: పన్ను రసీదు అమ్మ పేరున ఉంటే సరిపోతుందా?

బ్రాడీపేట ఆడపడుచు:
గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు సొంత సంపాదనతో 1989లో కట్టించిన ఇల్లు ఉంది. 200 గజాల స్థలం, కింద మూడు గదులు, 2006లో మేడమీద వేసిన మరో గది. నాన్నగారు 2019లో పోయారు. వీలునామా రాయలేదు. ఉన్నది అమ్మ, నేను, చెల్లి, డల్లాస్‌లో తమ్ముడు. అమ్మ ఇప్పుడు హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంటోంది. అందరం అనుకునే అమ్మకానికి పెట్టాం. 1 కోటి 20 లక్షలకు ఒకరు ఒప్పుకున్నారు.

అక్కడి నుంచి తలా ఒక మాట చెబుతున్నారు. వంటింటి తలుపు వెనక నాన్నగారు తీగకు గుచ్చిన ఇంటి పన్ను రసీదులు ఇంకా అలాగే వేలాడుతున్నాయి. ఆయన పోయాక వచ్చినవి అమ్మ పేరున ఉన్నాయి. అందుకని ఆవిడ ఒక్క సంతకం చాలునంటాడు బ్రోకర్. పెళ్ళిళ్ళప్పుడు కట్నాలు ఇచ్చారు కాబట్టి మా అక్కచెల్లెళ్ళ సంతకాలు అక్కర్లేదంటారు బంధువులు. ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, మిగతాది నగదుగా ఇస్తాను, మీకే పన్ను తగ్గుతుంది అంటున్నారు కొనేవారు. మొత్తం సొమ్ముకు పన్ను పడుతుందని మా ఆఫీసులో ఒకరు భయపెట్టారు. రంగులు వేయిస్తే ఐదారు లక్షలు ఎక్కువ వస్తాయని తమ్ముడి ఆశ. రాత్రి నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు చెప్పండి.

తెనాలి దస్తావేజు లేఖరి:
అమ్మా, 31 ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. పన్ను రసీదు చేతిలో పట్టుకుని ఇల్లు మాదేనంటూ వచ్చినవారిని ఎందరినో చూశాను. ఆ రసీదు మీరు పన్ను కట్టారని మాత్రమే చెబుతుంది. కరెంటు బిల్లూ అంతే. హక్కును చెప్పేవి మీ నాన్నగారి పేరున ఉన్న దస్తావేజు, దాని వెనక లింకు దస్తావేజులు, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, ఇంకా ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం.

స్వార్జితం, వీలునామా లేదు అన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, ముగ్గురు పిల్లలకు తలా నాలుగో వంతు. నాన్నగారి తల్లి అప్పటికి జీవించి ఉంటే ఆవిడకూ వాటా ఉండేది. కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు. అమ్మగారు ఒక్కరే సంతకం చేస్తే కొన్నవారికి దక్కేది ఆవిడ వాటా మాత్రమే. ఇది తెలిసిన ఏ బ్యాంకూ ఆయనకు రుణం ఇవ్వదు. ముందు తహసీల్దార్ కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోండి. నలుగురూ అమ్మకందారులుగా దస్తావేజులో ఉండాలి.

తమ్ముడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో మీ పేరున అధికార పత్రం రాసి పంపవచ్చు. ఫలానా ఇల్లు అమ్మడానికి, రిజిస్టర్ చేయించడానికి అని అందులో స్పష్టంగా ఉండాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టించాలి. చాలామంది కవరు విప్పి బీరువాలో పెట్టి ఈ గడువు దాటబెడతారు. కవరు మీద చేరిన తేదీ కనిపిస్తుంది, ఆ కవరు కూడా దాచండి.

నగదు మాట మాత్రం వినవద్దమ్మా. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ ఖర్చు కట్టేది కొనేవారు. విలువ తక్కువ చూపితే ఆ ఖర్చు తగ్గేది ఆయనకు. ఇల్లు అమ్మేవారు 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. అది పడేది మీ మీద. బయానా కూడా బ్యాంకు ద్వారానే తీసుకోండి.

రాజమహేంద్రవరం మాస్టారు:
మేము నిరుడు అమ్మాం. మా చెల్లెలు ఆస్ట్రేలియాలో ఉంటుంది, కాబట్టి పన్ను సంగతి అనుభవం మీద చెబుతున్నాను.

పన్ను లాభం మీదే, మొత్తం సొమ్ము మీద కాదు. వారసత్వంగా వచ్చిన ఇంటికి మీ నాన్నగారికి అయిన ఖర్చే మీ ఖర్చు. 2001కి ముందుది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి ప్రభుత్వ విలువను మించకూడదు. 2006లో వేసిన గది ఖర్చు కూడా కలుస్తుంది. సిమెంటు, ఇనుము బిల్లులు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి.

2024 జులై 23కు ముందు సంపాదించిన ఇంటికి ఇక్కడ నివసించే మీ ముగ్గురికీ రెండు దారులున్నాయి: ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం. ఏది తక్కువైతే అంతే కడతారు. ప్రవాసి అయిన తమ్ముడికి 12.5 శాతం ఒక్కటే. ఆ లాభంతో మరో ఇల్లు రెండేళ్ళలో కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా మినహాయింపు ఉంది.

మేము దెబ్బతిన్నది మరో చోట. మీ ముగ్గురి వాటాల మీద కొనేవారు 1 శాతం పన్ను పట్టుకుంటారు. ప్రవాసి వాటా మీద మాత్రం లాభాన్ని చూడకుండా మొత్తం వాటాకు 12.5 శాతం, ఆపైన సెస్సు పట్టుకుంటారు. 30 లక్షల వాటాకు అది 3 లక్షల 90 వేలు. తక్కువ పట్టుకోవడానికి ఆదాయపు పన్ను అధికారి నుంచి ధ్రువపత్రం ముందే తెచ్చుకోవచ్చు. మాకు రిజిస్ట్రేషన్ వారంలో తెలిసింది. ఆ తర్వాత రిటర్న్ వేసి, వాపసు కోసం చెల్లెలు చాలా నెలలు ఎదురుచూసింది.

రంగులు వద్దు. మేము రెండు లక్షలు పెట్టి వేయించాం. కొన్నవారు వచ్చిన మొదటి రోజే గోడ తట్టి, చెమ్మ ఎక్కడుందని అడిగారు. ఆ రంగు మీద వారికి నచ్చిన రంగు వేసుకున్నారు. మేడమీద కారుతుంటే అది మాత్రం బాగు చేయించండి.

బ్రాడీపేట ఆడపడుచు:
ఇద్దరికీ నమస్కారాలు. తమ్ముడితో గంట సేపు మాట్లాడాను. ధ్రువపత్రానికి వాడు ఆడిటర్‌ను పట్టుకుంటున్నాడు. నగదు కుదరదని కొనేవారికి చెప్పేశాను. రెండు రోజులు ఆలోచించుకుని, బ్యాంకు రుణానికే వెళతానన్నారు. ఒక్క సందేహం. ఆ తీగ మీది రసీదులన్నీ కొనేవారికి ఇచ్చేయాలా? అమ్మ అడుగుతోంది.

తెనాలి దస్తావేజు లేఖరి:
అక్కర్లేదమ్మా. బకాయి లేదని తెలియడానికి తాజా రసీదు చాలు. ఇంటి ప్లాను మంజూరు కాగితం, లింకు దస్తావేజులు మాత్రం వారికి ఇవ్వాలి, నకళ్ళు మీరు ఉంచుకోండి. తీగ అమ్మగారికి ఇచ్చేయండి.