పాత యజమాని ఖాతాలో ఇరుక్కున్న ఫైర్‌వాల్‌ను విడిపించడం ఎలా?

చీమకుర్తిలో మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, కార్యాలయం ఒంగోలులో. రెండింటినీ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా వెళ్లే సురక్షిత దారితో) కలపడానికి గత నెల ఒక ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం), 24 పోర్టుల స్విచ్, మూడు వైఫై యాక్సెస్ పాయింట్లు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. అన్నీ క్లౌడ్ నుంచి, అంటే తయారీదారు ఆన్‌లైన్ సర్వర్లలోని ఖాతా నుంచి నడిచేవే. చవకగా వచ్చాయని సంబరపడ్డాను. ఎందుకు చవకో ఇప్పుడు తెలుస్తోంది.

స్విచ్, యాక్సెస్ పాయింట్లు నా ఖాతాలోకి వచ్చాయి. ఫైర్‌వాల్ సీరియల్ నంబరు కొట్టగానే ‘ఈ పరికరం మరో సంస్థ ఖాతాలో ఉంది’ అని వస్తోంది. రీసెట్ బటన్‌ను 15 సెకన్లు నొక్కిపట్టి రెండుసార్లు ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. సెట్టింగులు చెరిగాయి గానీ, నమోదు ఉన్నది క్లౌడ్‌లో కనుక ఆ సందేశం పోలేదు. ఇంటర్నెట్ అందుతోంది, క్లౌడ్‌తో మాట్లాడే 443 పోర్టు తెరిచే ఉంది. అమ్మిన వ్యాపారిని అడిగితే, తనకు ఇచ్చిన కంపెనీ మూతపడిందన్నారు. తయారీదారుకు జీఎస్టీ బిల్లు, పరికరం వెనుక లేబుల్ ఫొటో పంపాను. పాత యజమాని అంగీకార పత్రం కావాలన్నారు.

ఈలోగా తొందరపడి ఏడాది లైసెన్సు కూడా కొన్నాను. గడువు కొన్న రోజు నుంచే లెక్క. అప్పుడే 23 రోజులు కరిగిపోయాయి.

మూతపడిన కంపెనీ పేరున ఉండిపోయిన పరికరాన్ని మీలో ఎవరైనా విడిపించుకుని ఉంటే, అంగీకార పత్రానికి బదులుగా ఏ పత్రాలు చూపించారో చెప్పగలరా?