లామింగ్టన్ వాన అడవిలో కప్పలు, బల్లులు: రాత్రి నడకకి ఏం సర్దుకోవాలి?

కొత్తడేరా
జనవరిలో రెండు రాత్రులు ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని లామింగ్టన్ నేషనల్ పార్క్, గ్రీన్ మౌంటెన్స్ వైపు టెంట్. జలపాతాల కోసం కాదు, కప్పలూ లీఫ్ టెయిల్డ్ గెక్కోలూ (ఆకులాంటి తోక ఉన్న బల్లులు) చూడాలని. టార్చ్ ఎంత పవర్ ఉండాలి? జలగలకి ఉప్పు తీసుకెళ్లమంటున్నారు, సరేనా?

తడిఆకు
హెడ్ టార్చ్, 200–300 ల్యూమెన్లు చాలు. చేతి టార్చ్ నడుము దగ్గర పట్టుకుంటే సగం జంతువులు తప్పిపోతాయి. కంటి మెరుపు, వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది కాబట్టి దీపం మీ కళ్ల పక్కనే ఉండాలి. ఆకుల్లో సూదిమొనల్లా తళుక్కుమనేవి దాదాపు అన్నీ సాలీళ్లే, వాటికోసం వంగి వంగి నడుం పోగొట్టుకోకండి.

గెక్కోకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దాని ఒళ్లు అచ్చం నాచు పట్టిన బెరడు. పెద్ద మర్రిజాతి చెట్ల మానులూ, తొర్రల అంచులూ చూడండి, తరచు తల కిందికి పెట్టి ఉంటుంది. టార్చ్ తీసి మాను పక్కనుంచి ఏటవాలుగా వెలుగు వేస్తే దాని నీడ బయటపడుతుంది. ఎదురుగా వేస్తే కళ్లముందున్నా కనబడదు.

చీకటి పడ్డాక అరగంట ఆగి బయల్దేరండి. గంటకి 300 మీటర్లు దాటారంటే తొందరపడుతున్నట్టే.

వాగుగట్టు
టార్చ్ కన్నా చెవులు ముఖ్యం. వాగు పక్క ఆకుల్లోంచి కుక్క ఒక్కసారి మొరిగినట్టు వినిపిస్తే గ్రేట్ బార్డ్ ఫ్రాగ్. కొత్తవాళ్లు దాన్ని కేన్ టోడ్ అనుకుంటారు. కేన్ టోడ్‌కి చర్మం పొడిగా, బుడిపెలుగా ఉండి, కళ్ల వెనక పెద్ద విషగ్రంథులు ఉబ్బి ఉంటాయి. బార్డ్ ఫ్రాగ్ నున్నగా ఉంటుంది, కాళ్లమీద అడ్డచారలు.

పౌచ్డ్ ఫ్రాగ్ 2 సెంటీమీటర్లే. రాలిన ఆకుల కింద సన్నగా కూస్తుంది. ఇద్దరు మనుషులు మూడు నాలుగు మీటర్ల ఎడంగా నిలబడి, కూత వచ్చిన వైపు చెరొక వేలు చూపించండి. ఆ రెండు గీతలు కలిసేచోట ఉంటుంది. అలాగని ఆకులు తిరగెయ్యొద్దు. గుడ్లు అక్కడే తడినేల మీద ఉంటాయి, పొదిగిన పిల్లల్ని మగకప్ప తొడల పక్కనున్న సంచుల్లో మోస్తుంది. కూతని 20 నుంచి 60 సెకన్లు ఫ్రాగ్ ఐడీ యాప్‌లో రికార్డు చేస్తే ఆస్ట్రేలియన్ మ్యూజియంవాళ్లు జాతి చెబుతారు.

కొత్తడేరా
దుంగలు ఎత్తి చూస్తే ఎక్కువ దొరుకుతాయి కదండీ?

నల్లనలికిరి
వద్దు. ఎత్తిన దుంగ మళ్లీ అదే గుంటలో సరిగ్గా కూర్చోదు. సందుల్లోంచి గాలాడి కింద తడి ఆరిపోతుంది. పైగా కప్పలున్నచోటికి రఫ్ స్కేల్డ్ స్నేక్ అనే విషపాము వస్తుంది, రాత్రి తిరుగుతుంది, చెట్లూ ఎక్కుతుంది. విషం లేని కీల్‌బ్యాక్ పాముని అచ్చుగుద్దినట్టుంటుంది కాబట్టి గుర్తుపట్టే పందేలు వద్దు.

10 సెంటీమీటర్ల వెడల్పున్న సాగే కట్లు రెండు జేబులో ఉండాలి, టెంట్‌లో కాదు. కాటు పడితే కడగొద్దు. కాటు మీద మొదలెట్టి అవయవమంతా గట్టిగా చుట్టి, కర్ర ఆనించి కదలకుండా కట్టి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్. మనిషిని నడిపించకూడదు. ఇది ఇక్కడి పాములకి చెప్పిన పద్ధతి. రక్తపింజర కాటుకి ఇండియాలో మన ఊళ్లో ఇలా చెయ్యొద్దు, వాపూ కండనష్టమూ పెరగొచ్చు. తాడు బిగించడం రెండు చోట్లా తప్పే.

తడిఆకు
జలగకి ఉప్పు వద్దు. కప్ప చర్మంతోనే నీళ్లు పీలుస్తుంది, ఆకుల్లో పడిన ఉప్పు దానికే చేటు. గోరుతో అంచు గీరితే జలగ ఊడొస్తుంది. పిడుదుని (గోమారి) మాత్రం గీకొద్దు, పట్టుకుని పిండొద్దు. మందుల షాపులో దొరికే ఈథర్ స్ప్రేతో ఉన్నచోటే గడ్డకట్టించి, దానంతట అది రాలేదాకా ఆగండి. దోమల మందు రాసిన చేత్తో కప్పని ముట్టుకోకూడదు. ఆ మాటకొస్తే ఏ చేత్తోనూ అవసరం లేదు.

గుండె ఆకారపు పెద్ద ఆకులూ, రంపపు అంచూ ఉంటే స్టింగింగ్ ట్రీ. మన దురదగొండి దీని ముందు ముద్దు చేసినట్టే. తగిలితే రుద్దకుండా, వెంట్రుకలు పీకే వ్యాక్స్ స్ట్రిప్ అంటించి లాగాలి.

వాగుగట్టు
అందరూ మర్చిపోయేది బూట్లు. బ్రిస్బేన్‌కి ఉత్తరాన కొండల్లో సదరన్ డే ఫ్రాగ్ 1979 తర్వాత కనబడలేదు. కడుపులో పిల్లల్ని పెంచే సదరన్ గ్యాస్ట్రిక్ బ్రూడింగ్ కప్ప 1981 తర్వాత అడవిలో లేదు. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ మీదే ప్రధాన అనుమానం. అది తడిబురదలో ప్రయాణిస్తుంది. అందుకే ఒక వాగు నుంచి ఇంకో వాగుకి వెళ్లేముందు బ్రష్‌తో బురదంతా గీకెయ్యండి, తర్వాత 70 శాతం స్పిరిట్ కొట్టి నిమిషం ఆగండి, ఆపైన పూర్తిగా ఆరనివ్వండి. బురద మీదే స్పిరిట్ కొడితే లోపలికి దిగదు, శ్రమ వృథా. స్టవ్ దగ్గర మాత్రం కొట్టొద్దు.

నల్లనలికిరి
ఉదయం త్వరగా సర్దెయ్యకండి. ఎండ దారి అంచున పడగానే ల్యాండ్ మల్లెట్ వస్తుంది. నిగనిగలాడే నల్ల నలికిరి, అర మీటరు పైనే. నడిస్తే పొదలోకి జారుకుంటుంది, నిలబడిపోతే అది కూడా కదలదు. కెమెరాని ఏసీ కారులోంచి తీసి ఓ 20 నిమిషాలు సంచిలోనే ఉంచాలి, లేకపోతే లెన్స్ మీద ఆవిరి తుడుస్తూ కూర్చుంటారు, ఈలోగా అది వెళ్లిపోతుంది.