మా ఊరి బడికి ఆర్వో ప్లాంటు పెట్టాల్నా వద్దా? భగీరథ నీళ్ళున్నయి కద అంటున్నరు

బత్తాయితోట:
అందరికి నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంల ఒక ఊరు, పేరెందుకు తియ్యుండ్రి. మా దిక్కు బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువ, దాంతోనే పండ్లకు మచ్చలొస్తయి. మా పదో తరగతి బ్యాచోళ్ళం వాట్సాప్ గ్రూపుల పైసలు జమ చేసినం, ఇద్దరు అమెరికాల ఉన్నరు వాళ్ళు జర ఎక్కువేసిండ్రు, మొత్తం మూడు లక్షలు దాటినయి. మేం చదివిన బడికి ఆర్వో ప్లాంటు పెడదామనుకున్నం. హెడ్‌మాస్టర్ సార్ దగ్గరికి పోతే సార్ ఏమన్నడంటే, సర్కారోళ్ళ మిషన్ భగీరథ నల్లా బడి దాంక వచ్చింది, మళ్ళ ఇదెందుకు, దీని కరెంటు బిల్లు ఎవరు కడ్తరు, ఫిల్టర్లు ఎవరు మారుస్తరు అని. మావోళ్ళల్ల సగం మందికి కోపమొచ్చింది. నా సంగతి చెప్తే, నా బిడ్డకు 9 ఏండ్లు, ముందు పండ్ల మీద తెల్ల గీతలు, రెండు పండ్లకైతే ఇటుక రంగు మచ్చలు, ఫొటో అంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటది. తెలంగాణల 2015ల 967 ఆవాసాలకు ఫ్లోరైడ్ ఉండె, 2020 ఆగస్టుకు సున్నా అయింది అని పార్లమెంట్లనే చెప్పిండ్రు. మరి ఈ పండ్లేంది? సీదా చెప్పుండ్రి, పెట్టాల్నా వద్దా.

క్యాన్లషాపు:
పెట్టాలె. నేను ప్లాంటు నడిపేటోన్నే, ముందే చెప్తున్న మళ్ళ ఎవడో తవ్వి తియ్యొద్దు. ఫ్లోరైడ్‌ను గట్టిగ ఆపేది ఆర్వోనే, నీళ్ళు మరగబెడితే పోదు, నీళ్ళు ఇంకిపోయి ఉన్న ఫ్లోరైడే ఇంక చిక్కబడ్తది, ఇది చానామందికి తెల్వదు. నల్లా నీళ్ళు వానకాలం ఎర్రగొస్తయి, బ్లీచింగ్ వాసన, పైపు పగిల్తే మూడు దినాలు రానే రావు. అప్పుడు పిల్లలేం తాగుతరు? పోయి బోరే తాగుతరు.

కెమిస్ట్రీసార్:
బత్తాయితోట గారు, మీ పాప పండ్లు ఇప్పటి నీళ్ళ గురించి ఏం చెప్పయి, అదొకటి ముందు అర్థం చేసుకోవాలె. పండు బయటికి రాకముందే దవడ ఎముకలో తయారైతది. ముందు పండ్ల మీది ఎనామిల్ బిడ్డ పుట్టినంక నాలుగైదేండ్ల లోపల్నే అయిపోతది, అప్పుడు ఏ నీళ్ళు తాగిందో ఆ రాత ఏడేండ్లకు పండు మొలిచినప్పుడు కనిపిస్తది, ఆ తర్వాత అమృతం తాపినా పోదు. మీ ఊరికి నల్లా ఎప్పుడొచ్చింది? 2018 తర్వాతనైతే మీ పాపకు మచ్చలు రావడంల వింతేం లేదు. చూడాల్సింది ఒకటో తరగతి రెండో తరగతి పిల్లల్ని, కొత్తగ పెద్ద పండ్లొచ్చినోళ్ళను. వాళ్ళ పండ్లు తెల్లగుంటే నల్లా పనిచేసినట్టు.

ఇంకోటి, ఆర్వో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం కూడ తీసేస్తది. మన జిల్లాల ఫ్లోరైడ్‌తోని పిల్లల మోకాళ్ళు లోపలికి వంగుడు గురించి 1973లనే హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు లాన్సెట్ పత్రికల రాసిండ్రు. తిండిల కాల్షియం తక్కువున్న పిల్లల మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంక గట్టిగ పడ్తది. అందుకే ఆ మూడు లక్షలు పాలకు, గుడ్లకు పెట్టినా తప్పులేదంట నేను.

క్యాన్లషాపు:
సార్, నీళ్ళల్ల కాల్షియం ఎంతుంటదని? ఒక గ్లాసు పెరుగు తాగితే వస్తది. ప్లాంటు వద్దనేటందుకు అదో సాకు.

కెమిస్ట్రీసార్:
పెరుగు తాగే ఇంట్ల పిల్లలైతే వస్తది. మా బడికొచ్చే వాళ్ళల్ల పొద్దుగాల చాయ్‌ల బిస్కెట్ ముంచుకొని వచ్చేటోళ్ళే ఎక్కువ, ఆ చాయ్‌ పొడిల కూడ ఫ్లోరైడ్ ఉంటది.

పాలమూరుపోరడు:
మా దిక్కు ఒక ఊళ్ళె గిట్లనే దాతలు ఇచ్చిండ్రు, రిబ్బన్ కట్ చేసిండ్రు, పేపర్ల ఫొటో వచ్చింది. ఏడాదిన్నర నడిచింది. మెంబ్రేన్, అంటే లోపల నీళ్ళు వడకట్టే పొర, కరాబైతే ఎవడూ పట్టించుకోలే, ఇప్పుడు ఆ రూముల చీపుర్లు, సున్నం బస్తాలు. ఆర్వోల పోసిన నీళ్ళల్ల సగం కన్న ఎక్కువ బయటికే పోతయి, ఆ పారేసే నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఇంక ఎక్కువుంటది, అది మళ్ళ మోరీల నుంచి భూమిలకే. మనది గ్రానైట్ రాయి భూమి, నీళ్ళు రాయిల ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ పట్టుకొస్తయి, ఊరి బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్ది ఇది ముదిరింది. అసలు మీ జిల్లా పేరు మీదనే ఒక పద్ధతుంది తెలుసు కద, పటిక సున్నం వేసి కలిపి తేర్చుడు, 1970లల్ల నాగపూర్ నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు కనిపెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్ అని ఆఫ్రికా దాంక పోయింది. నల్లగొండల ఎంతమంది తాగిండ్రు ఆ నీళ్ళు? దినాం కొలిచి వేసేటోడు లేకపోతే ఏ మిషిన్ అయినా గంతే.

పెద్దబావి:
మీరంత పోరగాండ్లు. 1996ల లోక్‌సభ ఎలక్షన్‌కు నల్లగొండల 480 మంది నిలబడ్డరు, నీళ్ళ కోసం. జలసాధన సమితోళ్ళు ఊరూరు తిరిగి నామినేషన్లు ఏపిచ్చిండ్రు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎలక్షనే వాయిదా పడ్డది. తర్వాత 2004ల ఏమైంది, అక్కంపల్లి నుంచి కృష్ణ నీళ్ళు పట్నానికి పోయినయి, మన ఊళ్ళ పక్క నుంచే లావుపాటి పైపులు, మేం ఆ పైపుల నీడకు కూసొని బోరు నీళ్ళు తాగినం. నా నడుము చూసి మాట్లాడుండ్రి, పక్కకు చూడాల్నంటే మనిషి మొత్తం తిరగాలె. పైపును ఒక్కదాన్నే నమ్మొద్దు, రెండూ ఉండనియ్యుండ్రి. అంతే నా మాట.

ఇద్దరుపిల్లలతల్లి:
అన్నలూ ఒకటడుగుత ఏమనుకోవద్దు. తాగే నీళ్ళ మీదనే ఇంత కొట్లాడుతున్నరు, వండే నీళ్ళు ఎవరన్న చూసిండ్రా? అన్నం ఉడికితే బియ్యం ఎన్ని నీళ్ళు గుంజుకుంటయి, పప్పు ఎన్ని గుంజుతది, పిల్లగాడు తాగే దానికంటె తినేదాంట్లనే ఎక్కువ పోతయేమో. మా ఇంట్ల కూడ క్యాన్ నీళ్ళు తాగేటందుకే, వంటకు బోరే ఉండె, పైసలు దండుగని. మా అంగన్‌వాడీల ఆయమ్మ ఒకనాడు చెప్పింది, గుడ్లు ఉడకబెట్టే గిన్నె అడుగుకు తెల్లగ రాయి లెక్క పట్టిందని, అది బోరు నీళ్ళ ఉప్పు. అప్పటిసంది నేను పప్పుకు కూడ నల్లా నీళ్ళే పడ్తున్న. చింతపండు పులుసు పెట్టుండ్రి పిల్లలకు, చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ పోతదని ఎన్ఐఎన్ వాళ్ళు పిల్లల మీద చేసి చూసిండ్రు. మన అవ్వలు ఊకెనే పెట్టలే పచ్చిపులుసు.

కెమిస్ట్రీసార్:
అమ్మా, నేను ఇంత రాసి ఈ వంట సంగతి మర్చిపోయిన. మీరన్నదే కరెక్టు. ఫ్లోరైడ్‌కు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకుంటే 1.5 దాంక అంటరు, గాని అది తాగే నీళ్ళ లెక్క. కడుపుల పోయేది మొత్తం ఎవరు కూడుతున్నరు?

బత్తాయితోట:
మొన్న శనివారం బడికి పోయిన. ముందు రెండో తరగతి పిల్లల్ని నిలబెట్టి ఈ అనమన్న, ఒకటే నవ్వులు. పెద్ద పండ్లొచ్చినోళ్ళు 14 మంది, అందుల 11 మందివి ఏం లేవు, పాలలెక్క తెల్లగున్నయి, నాకైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయి నిజంగ, మా బ్యాచుల అట్లాంటి పండ్లు ఒక్కడికి లేవు. మిగిలిన ముగ్గురికి సన్న తెల్ల గీతలు. వాళ్ళ ముగ్గురిది ఊరి చివర గుట్ట మీది గల్లీ, ఆడికి నల్లా ప్రెషర్ అందదు, బోరే దిక్కు. అంటే సార్ చెప్పినట్టు నల్లా పనిచేసింది, పెద్దబావి తాత చెప్పినట్టు పైపు పోని చోట పనిచెయ్యలే.

ఆ చెల్లె చెప్పినట్టు వంటరూము కూడ చూసిన. తాగేటందుకు నల్లా ఉంది, గాని వంట నీళ్ళు మేడ మీది సింటెక్స్ ట్యాంకు నుంచి, అది బాత్రూములకు బోరుతో నింపే ట్యాంకే. రెండు నీళ్ళు సీసాలల్ల పట్టి టెస్ట్ కిట్‌తో చూసినం. నల్లా నీళ్ళు గులాబీ రంగుల్నే ఉండె, వంట నీళ్ళల్ల చుక్కలు వేసి కలిపినమో లేదో పసుపుకు తిరిగింది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపైతదట. వంటామె ఆ సీసా అట్లనే పట్టుకొని నిలబడ్డది, ఇన్నేండ్లు ఇవే పోసిన గద సార్ అన్నది. ఆమె తప్పేముంది, దగ్గరున్న నల్లా తిప్పింది.

క్యాన్లషాపు:
అంటే బోరుకే ఆర్వో పెట్టాలె అన్నట్టే కద!

బత్తాయితోట:
కాదన్నా. వంటరూముకు నల్లా పైపు గుంజి ఒక వేరే ట్యాంకు పెడితే నలభై వేలల్ల అయితది, నాలుగు దినాలు నీళ్ళు రాకపోయినా సరిపోయేంత పెద్దదే. గుట్ట మీది గల్లీకి చిన్న మోటరు పెట్టి పైపు వేస్తే మిగిలిన దాంట్ల వస్తదో లేదో అడుగుతున్న. ప్లంబర్ ఆదివారం వస్తనన్నడు. గ్రూపుల మాత్రం కొట్లాట ఆగలే. ఆర్వో రూమైతే గోడ మీద మన బ్యాచ్ పేరుతోని బోర్డు పెట్టొచ్చు, పైపు మీద ఏం రాస్తవ్ రా అంటున్నడు ఒకడు, తన పదివేలు వాపస్ ఇయ్యమని కూడ అడిగిండు.